వస్తా అన్న మాట

మా అమ్మాయికి ఏడేళ్లు. దానికి తెలుగు నేర్పడానికి ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వీధిలో, బడిలో, బస్సులో ఎక్కడా ఈ మాట వినపడదు. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా పట్టుబడతాను.

ఆ రోజు పొద్దున బూట్లు తొడుక్కుంటూ అది, "అమ్మా, పోతున్నా" అంది.

"పోతున్నా అనకూడదు. వస్తా అనాలి."

"నేను వెళ్తున్నాను కదా. వస్తా అంటే అబద్ధం కాదా?"

"మళ్లీ వస్తావు కాబట్టి అబద్ధం కాదు."

"మరి నువ్వేమనాలి?"

"నేను వెళ్లి రా అనాలి."

"వెళ్లాలా, రావాలా? ఏదో ఒకటి చెప్పు."

మా ఆయన చిన్నోడికి పాలు తాగిస్తూ నవ్వాడు. "దాని తప్పేం లేదు. మన భాషే గుమ్మంలో నిలబడి లోపలికో బయటికో తేల్చుకోలేకపోతోంది."

"మీరలా నవ్వబట్టే అది నేర్చుకోవడం లేదు," అన్నాను. దానికి ఇంకో రెండు సంగతులు నేను బట్టీ పట్టించాను. తెలియనివాళ్లకు తలుపు తీయకూడదు. కానీ మన మాట మాట్లాడే పెద్దవాళ్లెవరైనా వస్తే మాత్రం మూగదానిలా నిలబడకుండా 'రండి' అనాలి. ఇంత దూరదేశంలో మన మాట వినిపించిందంటే వాళ్లు అయినవాళ్లతో సమానం. నేను అలాగే అనుకునేదాన్ని.

నాకు నేను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు లోపలిది ఏదీ మా గడప దాటకూడదు. నా బూట్లు బయట ఇనప్పెట్టెలోనే ఉంటాయి. స్నానం ఫ్యాక్టరీలోనే చేసి, బట్టలు అక్కడే మార్చుకుని వస్తాను. ఇంటికొచ్చాక కూడా గుమ్మంలో నిలబడి, అక్కడే ఉంచిన చిన్న రేడియేషన్ మీటరుతో అరచేతులు, జుట్టు, సంచీ ఒకసారి చూసుకుంటాను. చూసుకున్నాకే పిల్లల్ని ముట్టుకుంటాను. "గుమ్మంలో అమ్మవారిలా నిలబడకు, చలి లోపలికొస్తోంది," అని మా ఆయన రోజూ విసుక్కుంటాడు. ఆ మీటరు ఎప్పుడూ పూర్తిగా ఊరుకోదు. రాతిలోంచి, మట్టిలోంచి, ఆకాశంలోంచి వచ్చే కాస్తంత దానికే అప్పుడొకటీ అప్పుడొకటీ టిక్కుమంటూ ఉంటుంది. అది మామూలే. ఆ మామూలు టిక్కులు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది.

నేను ఇనుప ఖనిజం శుద్ధి చేసే చోట పని చేస్తాను. గనిలోంచి వచ్చిన రాయిని పగలగొట్టి, మిల్లులో పొడి చేసి, మట్టిని వేరుచేస్తారు. మిల్లుకు ముందు పెద్ద బిన్ను ఉంటుంది, మూడంతస్తుల ఎత్తున్న ఇనుప తొట్టి. లోపల రాయి ఎంతవరకు నిండిందో పైనుంచి తొంగి చూస్తే దుమ్ములో ఏమీ కనపడదు. అందుకని గోడకు బయట ఒక పక్క సీసం డబ్బాలు బిగించారు, కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి. ఒక్కో దాంట్లో కందిగింజంత రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. డబ్బాకున్న షట్టరు తెరిస్తే కంటికి కనపడని కిరణం ఒకటి బిన్నుకు అడ్డంగా వెళ్లి అవతలి గోడకున్న డిటెక్టరుకు తగులుతుంది. మధ్యలో రాయి ఉంటే ఆగిపోతుంది, లేకపోతే దాటుతుంది. మేం వాటిని కళ్లంటాం. కంట్రోల్ రూములో తెర మీద మూడు గీతలు వెలుగుతాయి. గీత ఆరితే 'నీడ పడింది' అంటాం.

ఆ డబ్బాలకు పూచీ నాది. బిన్నులోకి మనుషులు దిగాలంటే ముందు నేను షట్టర్లు మూసి వాటి కొక్కేనికి నా తాళం వెయ్యాలి. దిగే ప్రతి మనిషీ తన తాళం కూడా అదే కొక్కేనికి తగిలించాలి. ఎవరి తాళం వాళ్లే తీసుకోవాలి. ఆఖరి తాళం తీసేదాకా షట్టరు తెరవకూడదు, రాయి వదలకూడదు. షట్టరు తెరిచి ఉండగా లోపలికి ఎవరూ తల కూడా పెట్టకూడదు.

కంట్రోల్ రూములో ఉండే ఆపరేటరు మనవాడే. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. వాకీటాకీలో అందరూ వాడే ఛానలు ఒకటి, మేమిద్దరం మాట్లాడుకునేది ఇంకొకటి. నేను చేరకముందు మన మాట మాట్లాడేవాడు ఇంకొకడు ఉండేవాడట. బిన్ను లోపలి ఇనుప పలకలు మార్చే ఫిట్టరు. బిన్నులోనే పోయాడని మాత్రం నాకు తెలుసు. అంతకన్నా అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు అరిగిపోయిన పలకలు మార్చడం పూర్తయింది. చలికాలం కదా, సాయంత్రమింకా మొదలవకుండానే చీకటి పడిపోయింది. ఫిట్టర్లంతా పైకొచ్చారు. ఒక్కొక్కరే తాళం తీసుకుని, చేతులు ఊదుకుంటూ వ్యానెక్కారు. కొక్కేనికి నా తాళం ఒక్కటే మిగిలింది. బిన్నులోకి తలపెట్టి లైటు వేసి చూశాను. కొత్త పలకలు తళతళమన్నాయి. అడుగున ఒక గులకరాయి కూడా లేదు. తడి ఇనుము వాసన, నాలుక మీద నాణెం పెట్టుకున్నట్టు. మూత వేసి, దాని గడియకు నా తాళం తగిలించాను.

ఇక మిగిలింది ఖాళీ లెక్క. బిన్ను ఖాళీగా ఉన్నప్పుడు మూడు కళ్లూ ఎంత వెలుగుతాయో చూసి సరిచెయ్యాలి. మెట్లు దిగి కింది షట్టరు తెరిచాను. ఎక్కుతూ నడుమది, పైది తెరిచి, మూత ఉన్న అరుగు మీదకు వచ్చి నిలబడ్డాను.

"ఎంతొచ్చింది అన్నయ్యా?"

"పైది నిండుగా వెలుగుతోంది. నడుమది నిండుగా ఉంది. కింద ఏదో నీడ ఉందమ్మా."

"డిటెక్టరు చల్లబడి ఉంటుంది. చలికి అదీ మనలాంటిదే."

"అట్లా అయితే అంకె వణకాలి. ఇది కదలడం లేదు. మూడొంతులు ఆగి, ఒక వంతే దాటుతోంది."

రాయి అయితే మొత్తం ఆగిపోవాలి. సన్నటి పలక ఊడి వేలాడుతుంటే అందులో కొంచెమే ఆగాలి. మూడొంతులు ఆపేది ఏమిటో నాకు తెలుసు. ఏడాదికోసారి కళ్లను పరీక్షించడానికి కిరణానికి అడ్డంగా నీళ్ల డబ్బా పెడతాం. అప్పుడు వచ్చే అంకె అది. నీళ్లలాంటిది ఏదో ఉంది లోపల. మనిషి ఛాతీ అంత మందాన.

మళ్లీ కిందికి దిగాను. మూడు షట్టర్లూ మూసి తాళాలు వేశాను. వ్యాను డ్రైవరుకు ఫోను చేసి ఫిట్టర్లను లెక్కపెట్టమన్నాను. అందరూ ఉన్నారు, ఒకాయన అప్పుడే గురక కూడా పెడుతున్నాడట. పైకెక్కి మూత తీసి చూశాను.

ఖాళీ.

లైటు మూలమూలకూ తిప్పాను. ఏమీ లేదు. మూత వేశాను, తాళం వేశాను, దిగి షట్టర్లు తెరుచుకుంటూ మళ్లీ పైకొచ్చాను.

"అన్నయ్యా, ఇప్పుడు?"

"కిందది తేలిందమ్మా, నీడ లేదు. నిండుగా ఉంది."

"హమ్మయ్య."

"నడుమ దాంట్లో ఉంది నీడ."

మెట్ల కటకటాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఇనుము చేతి తొడుగులోంచి కూడా చల్లగా తగిలింది. యంత్రాలు చెడిపోతాయి, చూశాను. చెడిపోయిన యంత్రం తప్పు చెబుతుంది, లేదా నోరు మూసుకుంటుంది. కానీ తప్పు మెట్లెక్కదు.

చూద్దామంటే షట్టర్లు మూయాలి. మూస్తే కళ్లుండవు. తెరిస్తే తల పెట్టకూడదు. నేను చూస్తున్నప్పుడు అది లేదు. చూడనప్పుడు ఉంది.

"అన్నయ్యా, మిల్లువాళ్లు అడుగుతున్నారా?"

"రాయి వదలమని మూడుసార్లు అడిగారు. నేను వదలను." గొంతు అతనిదిలా లేదు. "లోపల మనిషి ఉన్నాడు. ఈసారి నేను బటను నొక్కను చెల్లెమ్మా."

"ఈసారి ఏమిటి?"

వాకీలో అతని ఊపిరి వినపడింది. తర్వాత ఎవరో పక్కన ఉన్నట్టు గుసగుసగా చెప్పాడు.

"ఆ రోజూ పని అయిపోయింది. ఆ ఫిట్టరు పైకొచ్చి తన తాళం తీసేసుకున్నాడు. పాన ఏదో లోపల మర్చిపోయాడు. మళ్లీ దిగుతూ నాతో వాకీలో 'అన్నా, వస్తా' అన్నాడు. నా దగ్గరికి వస్తున్నాడనుకున్నాను. టీ వేళ కదా. నేను 'రా' అన్నాను. అతనేమో నేను సరే వెళ్లిరా అన్నాననుకున్నాడు... రాయి వదిలేశాను."

నేను కళ్లు మూసుకున్నాను.

"విచారణకొచ్చిన వాళ్లెవరికీ ఇది అర్థం కాలేదమ్మా. 'వస్తా' అంటే ఏమిటని అడిగారు. వస్తున్నానని అర్థం అని చెప్పాను. అదీ నిజమే కదా. నేను రమ్మన్నాను. ఆ మాట ఇంకా అలాగే ఉంది."

"అన్నయ్యా, ఇప్పుడు ఆ సంగతి వద్దు. నీడ ఎక్కడుంది?"

"నువ్వెక్కడున్నావు?"

"పైన. మూత దగ్గర."

"నడుమది తేలింది," అన్నాడు. "పై కన్ను సగం ఆరింది. ఆరుతోంది..."

నా కాళ్ల కింద ఇనుప మూత. దాని కింద జానెడు ఖాళీ. దాని కింద...

చుట్టూ నిశ్శబ్దం. మిల్లు ఆగి ఉంది, బెల్టులు ఆగి ఉన్నాయి. అంత పెద్ద ఫ్యాక్టరీలో మంచు బొట్టుబొట్టుగా కారడం తప్ప ఏ చప్పుడూ లేదు. ఇంకేదో కూడా లేదనిపించింది. రోజంతా నా నడుముకు వేలాడుతూ వినిపించేది ఏదో తగ్గింది.

మీటరు.

టిక్కులు పలచబడ్డాయి. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... మీటరు పెరగడం నేను చూశాను. దానికి భయపడటం నా ఉద్యోగం. ఉండవలసిన దానికన్నా తగ్గడం ఎప్పుడూ చూడలేదు. రాతికీ, ఆకాశానికీ, నాకూ మధ్య ఏదో అడ్డం నిలబడినట్టు.

గడియకున్న నా తాళం కదిలింది. గాలి లేదు. అటు ఊగింది. ఇటు ఊగింది. కింది నుంచి మెల్లగా తోసినట్టు మూత కొంచెం లేచి, మళ్లీ కూర్చుంది.

తాళం నాది. నేనే తియ్యాలి. తియ్యను. అదొక్కటే అనుకున్నాను. పిల్లలు ఈ పాటికి అన్నం తింటుంటారు. పెద్దది కూర పక్కకు తోసేస్తూ ఉంటుంది. చిన్నోడి జుట్టంతా మెతుకులు ఉంటాయి. అక్కడికి వెళ్లాలి. ఇక్కడిది ఏదీ నాతో రాకుండా అక్కడికి వెళ్లాలి.

వాకీలో గరగర.

"అన్నయ్యా..."

పలికింది అన్నయ్య కాదు. మెత్తటి గొంతు. అలసిపోయిన, మర్యాద తెలిసిన గొంతు. నోటి నిండా పొడి ఉన్నట్టుగా.

"వస్తా..."

నా వేలు వాకీ బటను మీదే ఉంది. నొక్కానో, అదే నొక్కుకుందో తెలియదు. ఏమనాలో ఆలోచించే తెలివి ఆ క్షణంలో నాకు లేదు. చిన్నప్పటి నుంచి గుమ్మంలో నిలబడి ఎవరు ఆ మాటన్నా నేను ఏమంటానో, ఆ పొద్దున కూడా నా కూతురికి ఏమి నేర్పానో, నా నోరు అదే అంది.

"మంచిది. వెళ్లి రా."

తాళం ఆగింది.

కాసేపటికి నడుము దగ్గర టిక్. వెంటనే టిక్, టిక్. ఎప్పటిలాగే.

"పైది తేలింది," అన్నాడు అన్నయ్య. ఈసారి అతనే. "నడుమ నీడ పడింది... తేలింది. కింద పడింది... చెల్లెమ్మా, తేలింది. మూడూ నిండుగా ఉన్నాయి. ఖాళీ."

దిగి షట్టర్లు మూసి, మూత తీసి ఇంకోసారి చూశాను. మళ్లీ మూసి, మళ్లీ తెరిచి మూడంకెలూ ఇంకోసారి చదివించాను. ఖాళీయే. అప్పుడు సరేనన్నాను. బెల్టు కదిలింది. మొదటి రాళ్లు కొత్త పలకల మీద పడి గుడిగంటల్లా మోగాయి. తర్వాత మామూలు మోతలో కలిసిపోయాయి. కింది గీత ఆరింది, రాయితోనే.

కంట్రోల్ రూములో అన్నయ్య ముఖం తుడుచుకుంటున్నాడు. టీ కప్పు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నీ గొంతు నాకు సరిగ్గా వినపడలేదమ్మా. ఏమన్నావు అతనితో?"

"వెళ్లి రా అన్నాను."

కప్పు కింద పెట్టాడు. "వెళ్లు అని ఊరుకోలేదా?"

"అలా ఎవరితోనైనా అంటామా అన్నయ్యా?"

"అనం," అన్నాడు. తెరకేసి చూశాడు. "నిజమే. మనం అనం."

స్నానం చేశాను. తల రెండుసార్లు రుద్దుకున్నాను. బట్టలు మార్చుకున్నాను. గేటు దగ్గర పెద్ద మీటరు మధ్యలోంచి నడిస్తే పచ్చదీపం వెలిగింది. కాపలావాడు నన్నెరిగినవాడే, చెప్పకుండానే రెండోసారి నడవమన్నట్టు చెయ్యి ఊపాడు. నడిచాను. మళ్లీ పచ్చదీపమే.

ఇంటి బయట ఇనప్పెట్టెలో బూట్లు పెట్టాను. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. లోపల వెచ్చగా ఉంది, చారు వాసన. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు, చిన్నోడి కేరింతలు, మా ఆయన బ్రతిమాలడం. అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని రంగులు వేస్తోంది.

మీటరు తీసి అరచేతులు చూసుకున్నాను. ఏమీ లేదు. జుట్టు, సంచీ. ఏమీ లేదు. నామీద ఏదీ రాలేదు. ఊపిరి వదిలాను.

టిక్కులు మాత్రం పలచగా ఉన్నాయి. బ్యాటరీ చూశాను. నిండుగానే ఉంది.

"అమ్మా, నాకు అర్థమైంది," అంది అమ్మాయి తల ఎత్తకుండా.

"ఏమిటి?"

"వెళ్లి రా అంటే ఏమిటో. వెళ్లి, తర్వాత రావడం. అందుకే వచ్చినవాళ్లు 'వెళ్లొచ్చా' అంటారు. కదా?"

"అవును. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయన అలా అంటే నాకే తెలిసింది."

"ఏ ఆయన?"

"మీ ఫ్యాక్టరీ ఆయనట. ఇందాక బయట నుంచి 'అమ్మా, వెళ్లొచ్చా' అన్నారు. గొంతు బాలేదు. జలుబు చేసినట్టుంది."

మీటరున్న చెయ్యి దానంతటదే కిందికి దిగింది. "తలుపు తీశావా?"

"తీస్తానా? తెలియనివాళ్లకు తీయకూడదుగా." నేను అనుమానించినందుకు నొచ్చుకుంది. "మన మాట మాట్లాడారు కదా. నువ్వు చెప్పినట్టే 'రండి' అన్నాను. అంతే."

తలుపు గొళ్లెం దానికి అందదు. అది నాకు తెలుసు. మీటరును మెల్లగా అటూ ఇటూ తిప్పాను. బల్ల వైపు టిక్కు. కిటికీ వైపు టిక్కు. పిల్లల గది వైపు...

పిల్లల గది వైపు ఏమీ వినపడలేదు.

"ఆయన వెళ్లిపోయారు కదమ్మా?" గొంతు మామూలుగా పెట్టి అడిగాను. "నాన్న స్నానాలగదిలో ఉన్నారని చెప్పి ఉంటావు, వెళ్లిపోయి ఉంటారు."

అది ఎర్రరంగు పెన్సిలు పక్కన పెట్టి, పొద్దున నేర్పింది సాయంత్రానికే మర్చిపోయినదాన్ని చూసినట్టు నన్ను చూసింది.

"వెళ్లేటప్పుడు వస్తా అనాలి కదమ్మా," అంది. "ఇంకా అనలేదు."